నాలుగో సంతకం దగ్గర ఆగిపోయే ఫారాలు: తయారు చేయించేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

ఒకే పత్రం మీద పలువురి సంతకాలు తీసుకునే ఆన్‌లైన్ ఫారాలు తయారు చేయించే అధికారులకు, వాటిని తయారు చేసి ఇచ్చే కంపెనీలవారికి నమస్కారం.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఫారాలు నింపడం, తప్పుగా నింపడం, ఎక్కడ చతికిలబడ్డాయో రాసిపెట్టడం నా ఉద్యోగం. మా పెద్ద మావయ్య సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా రేకుల షెడ్డులో కూర్చుని ఏళ్ల తరబడి దస్తావేజులు రాసిన మనిషి. ఈ ఉత్తరంలో చెప్పబోయే దాంట్లో నేను ఉద్యోగంలో నేర్చుకున్నదానికంటే ఆయన దగ్గర విన్నదే ఎక్కువ.

అడిగేది ఒక్కటే. వారసుల ఒప్పుదల కానివ్వండి, ఉమ్మడి ఇంటి అద్దె ఒప్పందం కానివ్వండి, అపార్ట్‌మెంట్ ఓనర్ల అంగీకారం కానివ్వండి, జాయింట్ ఖాతా దరఖాస్తు కానివ్వండి, ప్రారంభోత్సవం తేదీ ప్రకటించే ముందు ఆ ఫారాన్ని విడివిడి మనుషులతో, విడివిడి ఫోన్ల మీద, విడివిడి ఊళ్ల నుంచి, రెండు మూడు వారాలు సాగదీసి నడిపించి చూడండి. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు.

ఇప్పుడు ఏం జరుగుతోందో నాకు తెలుసు, ఎందుకంటే ఆ గదుల్లో నేనూ కూర్చుంటాను. ఒకే టెస్టర్ తన మెయిల్ అడ్రసుకు ప్లస్ గుర్తు పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తోకలు తగిలిస్తాడు. నాలుగు ఆహ్వానాలూ వచ్చి వాలేది ఒకే ఇన్‌బాక్స్‌లో. అన్న, తమ్ముడు, అక్క, అమ్మ, అన్ని వేషాలూ తనే వేస్తాడు. ఓటీపీ అడిగితే టెస్ట్ సర్వర్‌లో ఎప్పుడూ పనిచేసే 123456 కొడతాడు. పది నిమిషాల్లో నాలుగు సంతకాలూ పడతాయి, పచ్చ టిక్కు వస్తుంది. తర్వాత యూఏటీ, అంటే వాడబోయేవాళ్లు చూసి ఒప్పుకునే పరీక్ష. అధికారులు వస్తారు, ప్రొజెక్టర్ మీద మళ్లీ అదే చూపిస్తారు, అందరూ ఒకే వైఫై మీద ఉంటారు, టీ అయ్యేలోపు ఆమోదం అయిపోతుంది. ఇక సెక్యూరిటీ ఆడిట్. అది కావాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కాకపోతే దొంగ లోపలికి దూరగలడా లేదా అన్నదే దాని పని. ఇంట్లోవాళ్లు లోపలికి రాగలరా అని చూసే పని ఎవరికీ అప్పగించలేదు.

ఒక్కరి సంతకంతో అయిపోయే ఫారం ఒక్క కూర్చోవడంలో పూర్తవుతుంది. నలుగురి ఫారంలో మొదటి సంతకానికీ నాలుగోదానికీ మధ్య రోజులు గడుస్తాయి. ఆ రోజుల్లో ఒకరి ఫోన్ పోతుంది, ఒకరు మనసు మార్చుకుంటారు, ఒకరు ఆసుపత్రిలో చేరతారు, ఒకరికి అంకె తప్పు పడిందని తెలుస్తుంది. ఫారం ఎలా నిలబడుతుందో తేలేది అక్కడే. మీ టెస్ట్ కేసుల్లో ఆ రోజులు లేవు.

ఆ రోజుల్లో ఏమేం జరగొచ్చో కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం కూడా లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఒకసారి టెస్టర్ కళ్లతో చదవండి. 24వ సెక్షన్ చూడండి: ఒకే దస్తావేజును పలువురు వేర్వేరు తేదీల్లో రాసి ఇస్తే ఒక్కొక్కరి సంతకం తేదీ నుంచీ దాన్ని రిజిస్ట్రేషన్‌కు తేవడానికి నాలుగు నెలల గడువు ఉంటుంది. అంటే అన్న ఉగాదికి, తమ్ముడు శ్రావణంలో సంతకం పెట్టే కుటుంబాలు ఉంటాయని ఆ చట్టం రాసినవాళ్లకు తెలుసు. మీ ఫారం మాత్రం మొదటివాడు తెరిచిన రోజు నుంచే గడువు లెక్కపెట్టి, ముగ్గురు సంతకాలు పెట్టాక, నాలుగోవాళ్లు లింకు తెరిచేసరికి 'సెషన్ ముగిసింది' అంటుంది. ఆ ముగ్గురి సంతకాలు ఏమయ్యాయో ఎక్కడా చెప్పదు.

20వ సెక్షన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది. దస్తావేజులో కొట్టివేతలు, దిద్దుబాట్లు, వరుసల మధ్య ఇరికించి రాసినవి, ఖాళీలు ఉంటే, వాటి పక్కన రాసి ఇచ్చినవాళ్లు సంతకమో పొడి అక్షరాలో పెట్టి ధ్రువీకరించకపోతే ఆ దస్తావేజును అధికారి తిప్పి పంపొచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. మావయ్య రాసిన పాత కాగితాల అంచులు చూస్తే, దిద్దిన ప్రతి చోటా చిన్న చిన్న సంతకాలు గుంపుగా కనిపిస్తాయి.

మా అమ్మమ్మ పోయాక ఆ ఊళ్లో ఇల్లు నలుగురి ఉమ్మడి ఆస్తి అయింది: పెద్ద మావయ్య, మా అమ్మ, చిన్న మావయ్య, కువైట్‌లో ఉండే పిన్ని. ఇల్లు అద్దెకిచ్చారు, పదకొండు నెలల ఒప్పందం ఆన్‌లైన్లో రాసుకున్నారు. ఏ కంపెనీ ఫారం అన్నది ఇక్కడ అనవసరం. చిన్న మావయ్య వివరాలు నింపాడు. ఆయనతో కలిపి ముగ్గురి సంతకాలు అయ్యాయి. పిన్నికి లింకు వెళ్లింది. ఆవిడ చదివి ఫోన్ చేసింది: "ఒరేయ్, అడ్వాన్సు యాభై వేలు కదరా, ఇందులో అయిదు వేలని ఉందేంటి?" చిన్న మావయ్య ఫారం తెరిచాడు. 'సవరించు' అని బటన్ ఉంది. నొక్కాడు, సున్నా చేర్చాడు, సేవ్ చేశాడు. అయిపోయింది. పిన్ని సంతకం పెట్టింది. చివర్లో వచ్చిన పీడీఎఫ్‌లో యాభై వేలని ఉంది, కింద నాలుగు సంతకాలు ఉన్నాయి. మొదటి మూడింటి పక్కన పాత తేదీలే, పాత గంటలే.

ఇంట్లో అందరూ సంతోషించారు, పని అయిందిగా. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. మా అమ్మ సంతకం పెట్టింది అయిదు వేలున్న కాగితం మీద. ఆ సంతకాన్ని ఆవిడకు చెప్పకుండా యాభై వేలున్న కాగితం కిందికి మోసుకొచ్చారు. ఈసారి సరైన అంకె వచ్చింది. అదే బటన్‌తో యాభై వేలను అయిదు వేలు చేయడానికి అడ్డేముంది? పెద్ద మావయ్యకు చూపిస్తే కళ్లజోడు పైకి జరుపుకుని, "ఇలా చేస్తే మమ్మల్ని బొక్కలో వేసేవాళ్లురా" అన్నాడు.

అసలైన ఎలక్ట్రానిక్ సంతకంతో అయితే ఇలా కుదరదు. 2000 నాటి ఐటీ చట్టం కింద ఆధార్ ఈ-సైన్ (ఆధార్‌తో గుర్తింపు చూపి పెట్టే ఎలక్ట్రానిక్ సంతకం) చేసినప్పుడు పత్రం మొత్తానికి ఒక హ్యాష్ తీస్తారు, అంటే పత్రంలోని సమాచారం మొత్తం నుంచి లెక్కగట్టిన ఒక గుర్తు. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో అది 64 అంకెలూ అక్షరాల వరస. సంతకం ఆ వరస మీదే పడుతుంది. తర్వాత ఒక్క సున్నా చేర్చినా వరస పూర్తిగా మారిపోయి సంతకం చెల్లదని తేలిపోతుంది. మా ఇంటికి వచ్చిన ఫారంలో ఉన్నవి సంతకాలు కావు, ఓటీపీ కొట్టినట్టు గుర్తుగా అంటించిన బొమ్మలు. అందుకని మొట్టమొదటి పరీక్ష ఇదే కావాలి: ముగ్గురు సంతకం పెట్టాక ఒక అంకె మార్చండి. ముగ్గురికీ కబురు వెళ్లి, ఏం మారిందో చూపించి, మళ్లీ సంతకం అడిగిందా? అడగకపోతే లాంచ్ ఆపండి. మిగతా లోపాలు తర్వాత చూసుకోవచ్చు.

అసలైన ఈ-సైన్ వాడేవాళ్లకూ ఇంకో చిక్కు ఉంది. అన్న హైదరాబాద్‌లో, చెల్లెలు డల్లాస్‌లో ఒకే నిమిషంలో 'సంతకం చేయి' నొక్కారనుకోండి. ఇద్దరి చేతికీ వెళ్లింది అప్పటికి రెండు సంతకాలున్న పీడీఎఫ్. ఇద్దరూ చెరో మూడో సంతకం చేర్చి వెనక్కి పంపుతారు. సర్వర్ జాగ్రత్తగా లేకపోతే వెనక వచ్చిన కాపీ ముందు వచ్చినదాన్ని చెరిపేస్తుంది. తెర మీద నాలుగుకు నాలుగు పూర్తి అని ఉంటుంది, పీడీఎఫ్ తెరిచి చూస్తే మూడే. ఒక్క టెస్టర్ నాలుగు వేషాలు వేసినంతకాలం ఇది బయటపడదు, ఒకడే రెండు చోట్ల ఒకేసారి నొక్కడు కదా. అలాగే సంతకాలయ్యాక పీడీఎఫ్ సైజు తగ్గిద్దామని కుదించినా, ముందు కవర్ పేజీ అతికించినా సంతకాలన్నీ చెడతాయి. ఇక పసుపు ప్రశ్నార్థకంతో 'వ్యాలిడిటీ అన్‌నోన్' అని కనిపించే గుర్తు సంగతి ఆధార్ పీడీఎఫ్ తెరిచిన ప్రతి ఒక్కరికీ తెలుసు. సంతకం మంచిదే, మన ఫోన్‌లోని యాప్‌కు దాన్ని ఇచ్చినవాళ్ల మీద నమ్మకం కుదరలేదంతే. ఆ ఒక్క ముక్క తెలుగులో రాసి పత్రంతో పాటు పంపితే సగం ఫోన్ కాల్స్ తగ్గుతాయి.

ఓటీపీ దగ్గరికి వద్దాం. ఒకే మొబైల్ నంబరును ఇంట్లో ఎంతమంది ఆధార్‌కైనా జత చేసుకోవచ్చు. పల్లెల్లో జరిగేది అదే: నాన్న, అమ్మ, నాయనమ్మ, అందరి ఆధార్‌కూ పెద్దకొడుకు నంబరే. ఇక్కడ ఫారాలు రెండు రకాలుగా తప్పుతాయి. కొన్ని ఫారాలు 'ఈ నంబరు ఇప్పటికే వాడారు' అని రెండో మనిషిని గుమ్మంలోనే ఆపేస్తాయి. ఇంకొన్ని ఎవరి ఓటీపీ అయినా సరేనంటాయి. కొడుకు సోఫాలో కూర్చుని తన సంతకం, అమ్మ సంతకం, నాయనమ్మ సంతకం అయిదు నిమిషాల్లో కానిచ్చేస్తాడు. రెండోది మొదటిదానికంటే ప్రమాదం, చూడ్డానికి మాత్రం సాఫీగా ఉంటుంది కాబట్టి డెమోలో చప్పట్లు దానికే పడతాయి.

మావయ్య ఒక సబ్ రిజిస్ట్రార్ గురించి తరచూ చెబుతాడు. హక్కు వదులుకుంటూ రాసిచ్చే ముసలామె వస్తే, ఆయన కొడుకుల్ని వరండాలోకి పంపించి, "ఏం రాసిస్తున్నావమ్మా? ఎవరైనా బెదిరించారా?" అని అడిగేవాడట. జవాబు తడబడితే కలం కింద పెట్టేసేవాడట. 38వ సెక్షన్ ప్రకారం కదల్లేని మనిషి ఉంటే అధికారి తనే ఇంటికి వెళ్లాలి, లేదా కమిషన్ (తన తరఫున వెళ్లి విచారించే మనిషిని) పంపాలి. ఆన్‌లైన్లో అంత జరగాలని నేను అనడం లేదు. కానీ ఒకే నంబరుకు మూడు ఓటీపీలు వెళ్లినప్పుడు మీ ఫారం ఏం చేస్తుందో మీకైనా తెలిసి ఉండాలి. పింఛనుదారులు ఫోన్‌లో ముఖం చూపించి జీవన్ ప్రమాణ్ (బతికే ఉన్నామన్న ధ్రువీకరణ) ఇచ్చే ఏర్పాటు 2021 నుంచీ ఉంది. అలాంటి దారి ఇక్కడా పెట్టొచ్చేమో చూడండి, లేదా ఆ ఒక్కరికి మీసేవకో సచివాలయానికో వచ్చి వేలిముద్ర వేసే వీలైనా ఉంచండి.

ఇప్పుడు మా పిన్నిలా విదేశాల్లో ఉండేవాళ్ల గొడవ. ఆధార్ ఓటీపీ విదేశీ నంబర్లకు రాదు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లినవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లినవాళ్లు ఇండియా సిమ్‌ను రీఛార్జ్ చేయక వదిలేస్తే కొన్ని నెలలకు అది ఆగిపోతుంది. ఉన్నా రోమింగ్‌లో ఓటీపీ ఎప్పుడొస్తుందో దేవుడికెరుక, అది చెల్లేది పది నిమిషాలే. వారసుల్లో ఒక్కరైనా విదేశాల్లో లేని కుటుంబం ఇప్పుడు మన దగ్గర ఎన్ని ఉంటాయి? అలాంటప్పుడు ప్రవాసి సంతకందారు ఏదో అరుదైన కేసని చివరి పేజీలో పడేయడం నాకు అర్థం కాని విషయం. మీ టెస్ట్ జట్టులో ఒకరు నిజంగా గల్ఫ్‌లో ఉండాలి. వీడియో కాల్ పెట్టి, ఆ మనిషి డ్యూటీ అయ్యాక గదికొచ్చి లింకు తెరిచేటప్పుడు ఏం కనిపిస్తుందో చూడండి.

ఎస్సెమ్మెస్ సంగతి చాలామంది పట్టించుకోరు. ఇంగ్లీషులో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70. అవి మనం వేళ్ల మీద లెక్కపెట్టే అక్షరాలు కావు. 'లక్ష్మి'లోని 'క్ష్మి' ఒక్కటే ఆరు కింద లెక్క. కాబట్టి మర్యాదగా రాసిన తెలుగు మెసేజ్ మూడు నాలుగు ముక్కలవుతుంది. పాత ఫోన్లలో ఆ ముక్కలు వెనకా ముందూ వచ్చి లింకు మధ్యలో తెగుతుంది. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం మెసేజ్ మూసను ముందే డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల రిజిస్టర్‌లో నమోదు చేయాలి, 2024 అక్టోబర్ నుంచి అందులోని లింకును కూడా అనుమతి జాబితాలో పెట్టించాలి. లేకపోతే టెలికాం కంపెనీ మెసేజ్‌ను దారిలోనే ఆపేస్తుంది. టెస్ట్ సర్వర్‌లో 123456 కొట్టినవాళ్లకు ఇది తెలిసేది లాంచ్ రోజునే. అందుకే కనీసం ఒక్క వారం అసలు మెసేజ్‌లు, అసలు సిమ్‌లు, నాలుగు కంపెనీల నెట్‌వర్క్‌ల మీద నడపండి.

ఇక లింకు వాట్సాప్‌లో తిరగడం. పెద్దన్నకు వచ్చిన లింకును ఆయన ఫ్యామిలీ గ్రూపులో పెట్టేస్తాడు, "అందరూ సంతకం పెట్టండి" అని. అది ఆయన ఒక్కడి లింకని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ముందు తెరిచిన మరదలు ఆయన గడిలో సంతకం పెట్టేస్తుంది. ఇంకొన్నిచోట్ల ఆఫీసు మెయిల్‌లోని వైరస్ స్కానర్ లింకును మనకంటే ముందే తెరిచి చూస్తుంది, ఒక్కసారే తెరుచుకునే లింకు అక్కడే అయిపోతుంది. మనం నొక్కేసరికి 'ఈ లింకు ఇప్పటికే వాడబడింది'. ఇలాంటివి ఆలోచించి రాబట్టేవి కావు, పదిమందికి ఇచ్చి చూస్తే మొదటి సాయంత్రమే వాటంతట అవే వస్తాయి.

పేర్ల గురించి మొదలుపెడితే ఇంకో ఉత్తరం అవుతుంది. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ గడుల్లో ఇంటిపేరు ఎక్కడ రాయాలో ఇప్పటికీ ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి. పెళ్లయిన ఆడపడుచు ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాత కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరు. తెలుగులో పోల్చేవాళ్లకు ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను: ఐత్వాన్ని యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే పద్ధతిలో) ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. 'సైదులు' కంటికి రెండుచోట్లా ఒకేలా ఉంటాడు, జాగ్రత్త పడని ప్రోగ్రాం మాత్రం ఇద్దరు మనుషులంటుంది. పీడీఎఫ్‌లోకి వెళ్లాక వత్తులు విడిపోయి పేరు చదవడానికి రాకుండా పోవడం దీనికి అదనం. తెలుగు పత్రాన్ని అచ్చు తీసి, తెలుగు బాగా చదవగలిగిన ఒక పెద్దమనిషి చేత పైకి చదివించండి, చాలు.

చివరగా, వద్దనే మనిషి. మీ ఫారంలో 'సంతకం చేయి' బటన్ ఎంత పెద్దగా ఉంటుందో చూడండి. 'నాకు సమ్మతం లేదు' అనేది ఎక్కడ ఉంది? చాలా ఫారాల్లో ఉండనే ఉండదు. ఇష్టం లేని చెల్లెలు ఏమీ నొక్కకుండా కూర్చుంటుంది, ఫారం ఆమెకు రోజుకొక రిమైండర్ పంపుతూనే ఉంటుంది, అన్నలు ఫోన్లు చేస్తూనే ఉంటారు. పాత చట్టం 35వ సెక్షన్ ఈ మనిషిని ముందే ఊహించింది: రాసిచ్చినవాళ్లలో ఒకరు కాదంటే, మైనర్ అయితే, లేదా చనిపోయి వారసుడు ఒప్పుకోకపోతే, ఆ ఒక్కరి వరకు రిజిస్ట్రేషన్ నిరాకరించాలి. ఒకరు వెనక్కి తగ్గితే మిగతావాళ్ల పత్రం ఏమవుతుంది, ఎవరికి తెలుస్తుంది, కట్టిన డబ్బు తిరిగొస్తుందా? ఇద్దరు సంతకం పెట్టాక మూడోవాడు చనిపోతే? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు మీ దగ్గర రాతపూర్వకంగా ఉందా? ప్రోగ్రామర్‌ను అడిగి తెలుసుకోవాల్సిన సంగతి కాదిది. నిర్ణయం మీది, ఆయనది కాదు.

కళ్లు కనిపించనివాళ్లు వేలితో గీసే సంతకం గడి దగ్గర ఏం చేస్తారు, నిశాని వేసేవాళ్లకు దారేది, డబ్బు అన్నా చెల్లెలూ ఇద్దరూ కట్టేస్తే ఎవరిది వెనక్కి వస్తుంది, ఇవన్నీ కూడా చూడాల్సినవే.

ఎలా చేయాలంటే, ఖర్చేమీ ఎక్కువ కాదు. నాలుగైదు నిజమైన కుటుంబాలను, ఒక అపార్ట్‌మెంట్ సంఘాన్ని అడగండి. వాళ్ల పత్రాలే వాళ్లను రాసుకోనివ్వండి, ఆ పత్రాలు చెల్లవని ముందే పెద్ద అక్షరాల్లో చెప్పండి. పక్కన కూర్చుని సాయం చేయకండి, మీవాళ్లకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఒక దస్తావేజు లేఖరిని రోజు కూలీ ఇచ్చి కూర్చోబెట్టండి, ఎక్కడెక్కడ 'ఇది కాగితం మీదైతే ఒప్పుకోరు' అంటాడో అన్నీ రాసుకోండి. మా మావయ్య వస్తానన్నాడు. నెలాఖరుకు రీఛార్జ్ అయిపోయే ఫోన్ ఆయనది, మీ పరీక్షకు అలాంటిదే కావాలి.

లాంచ్ అయిన నెలకు రెండు అంకెలు బయటపెట్టండి: మొదలైన పత్రాలు ఎన్ని, చివరి సంతకం దాకా చేరినవి ఎన్ని. మొదటి అంకె మీరు ఎలాగూ ప్రకటిస్తారు. రెండోది కూడా దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో ఉండాలని నా విన్నపం.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక టెస్టర్